ఒకే ట్రేలోని తాళాలు

ఫోన్ నొక్కితే తెరుచుకునే తలుపు తాళాలకు ప్రోగ్రామ్ రాయడం నా ఉద్యోగం. పొద్దున్నే ఎవరో పెద్దమనిషి ఫిర్యాదు. ఆయన ఫోన్ నొక్కితే ఎదురింటి తలుపు తెరుచుకుందట. "కళ్ళజోడు మార్చుకోమనండి" అని నవ్వేశాను. ఆ నవ్వు పది నిమిషాలు కూడా నిలవలేదు.

మా తాళానికి మొదటిసారి కరెంటు తగలగానే అది తనకో రహస్య సంఖ్యను తయారుచేసుకుంటుంది. ఆ సంఖ్య ఉన్న ఫోన్‌కే తలుపు తెరుచుకుంటుంది కనుక అది ఎవరి ఊహకూ అందకూడదు. అందుకు చిప్‌లో కాస్త గందరగోళం, అంటే ఏ రెండు తాళాల్లోనూ ఒకేలా ఉండని చిన్న చిన్న తేడాలు, పోగవ్వాలి, దానికి నలభై సెకన్లు పడుతుంది. "తాళానికి నలభై సెకన్లా! నా లైను దేకుతోంది తల్లీ!" అని ప్యాకింగ్ సూపర్‌వైజర్ నెలరోజులు నా ప్రాణం తోడేశాడు. విసుగెత్తి ఆ నలభై సెకన్లూ కోసి పారేశాను. స్విచ్చి వేశాక గడిచిన సమయాన్ని బట్టి సంఖ్య పుట్టేలా రాశాను. బుద్ధి గడ్డి తింది. వాళ్ళు ట్రేకి పది తాళాలు పేర్చి, పదింటికీ కలిపి ఒకే స్విచ్చి వేస్తారని నాకు తెలుసు, అయినా తట్టలేదు. స్టోరులోంచి ఒక ట్రే తెప్పించి చూశాను. పదింటికి పదీ ఒకే సంఖ్య.

అప్పుడు అక్క గుర్తొచ్చింది.

కొన్నాళ్ళ కిందట అలాంటి ఒకే ట్రేలోంచి రెండు తాళాలు తెచ్చుకున్నాను. ఒకటి అక్కాబావల ఇంటికి బిగించాను. బావ కొట్టి తన చెయ్యి విరగ్గొట్టాక అక్క ఆ ఇల్లు వదిలి వేరే గది తీసుకుంది. రెండోది ఆ గదికి బిగించాను. అంటే అక్క తలుపు బావ జేబులో ఉంది. ఆ సంగతి వాడికింకా తెలియదు.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. "ఎత్తవే అక్కా!" అని లిఫ్టులో అరిస్తే పక్కనున్నవాళ్ళు జరిగి నిలబడ్డారు. టాక్సీ ఎక్కితే ప్రతి సిగ్నలూ పగబట్టినట్టు ఎర్రగానే ఉంది.

బావ ఇంటి తాళం బిగించింది నేనే కనుక దాని సంఖ్య నా ఫోన్‌లోనూ ఉంది. అక్క గుమ్మం ముందు నిలబడి, కాకూడదు కాకూడదు అనుకుంటూ దాన్నే నొక్కాను.

పచ్చ దీపం వెలిగింది. తలుపు తెరుచుకుంది.

అక్క గోడకి కరుచుకుపోయి ఉంది, చేతిలో ఇస్త్రీపెట్టె. నన్ను చూసి అలాగే కిందికి జారి కూలబడింది.

"నువ్వా! ప్రాణం పోయిందే. చెప్పి రావచ్చుగా?"

"ఫోనెందుకు ఎత్తవు?" తప్పు నాదైనా అరిచింది నేనే.

"లోపల ఛార్జింగులో ఉంది. ఏమైందే?"

చెప్పాను. అంతా విని తలుపు వైపు చూసింది. పాత ఇనప గొళ్ళెం ఉండే చోట నాలుగు మేకుల చిల్లులున్నాయి. "ఇంకెందుకే ఈ తుప్పు ముక్క" అని దాన్ని పీకించింది కూడా నేనే.

"మొన్న వచ్చాడే," అంది. "అరగంట బాదాడు. చేతిలో ఫోన్ ఉంది, తలుపు తియ్యి తియ్యి అని మెసేజ్‌లు పెడుతూనే ఉన్నాడు."

"మరి నువ్వేం చేశావు?"

"నీ తాళం ఉందిగా అని చెవుల్లో దూది పెట్టుకుని పడుకున్నా. ఎన్నాళ్ళకో హాయిగా నిద్రపట్టిందే."