ట్యాంకు మూత చూసిన నూకరత్నం

నేను ఒక మూతను. పెట్రోలు ట్యాంకు మూతను. నల్లగా, గుప్పిట్లో ఇమిడేంత ఉంటాను. కారు పక్కన చిన్న తలుపు ఒకటుంటుంది కదా, దాని వెనక చీకట్లో నా కాపురం. ఆ తలుపు తెరిస్తే నాకు పగలు, మూస్తే మళ్ళీ రాత్రి. కారుకు ఉన్నన్నాళ్ళూ నేను చూసిన వెలుతురంతా ఒకచోట కలిపితే పది గంటలుంటుందేమో. అదీ రెండేసి నిమిషాల ముక్కలుగా. అందుకే నేను చూసినవన్నీ నాకు కలల్లాగే గుర్తుంటాయి.

ఒక ఫ్యాక్టరీలో కరిగిన ప్లాస్టిక్‌ను అచ్చులో పోస్తే పుట్టాను. అదే గంటలో నాతోపాటు ఇంకో నాలుగు వందల మంది పుట్టారు. ఒంటికి మరలు, లోపల రబ్బరు ఉంగరం, పడిపోకుండా నడుముకో తాడు. తనిఖీ చేసే ఆవిడ మమ్మల్ని ఒక్కొక్కరినీ చెవి దగ్గర పెట్టుకుని తిప్పేది. మూడుసార్లు క్లిక్ మంటే పాస్. నా చదువంతా అంతే. ఇంతకన్నా పెద్ద సిలబస్ చదివి ఇంతకన్నా తక్కువ పని చేసేవాళ్ళను తర్వాత చాలామందినే చూశాను.

జపాన్‌లో హొక్కైడో అనే చలి ద్వీపంలో, ఒక అద్దెకార్ల కంపెనీ వారి తెల్లకారుకు నన్ను బిగించారు. అద్దెకారుకు యజమానులుండరు, చుట్టాలుంటారు. మూడు రోజులుండి, సీట్లలో బిస్కెట్ పొడి రాల్చి వెళ్ళిపోతారు. ఒక కొత్త జంట నన్ను విప్పుతూ పోట్లాడుకుని బిగించేటప్పటికి రాజీపడ్డారు. ఒక పెద్దాయన నాకేసి చూస్తూ ఫోనులో ఎవరికో క్షమాపణ చెప్పుకున్నాడు. ఏం తప్పు చేశాడో తెలిసేలోపు ట్యాంకు నిండిపోయింది. మనుషులు నా ముందు ఏమైనా మాట్లాడేస్తారు, మూతే కదా అని. భాషల సంగతి అడక్కండి. సగం ఖాళీ అయిన ట్యాంకు మంచి చెవి. కారులో అన్న ప్రతి మాటా గుయ్యిమంటూ నా దాకా వస్తుంది. వినగా వినగా అర్థం కూడా వస్తుంది.

ఒక జూలైలో నూకరత్నం, ఆమె కూతురు లిఖిత ఈ కారెక్కారు.

నూకరత్నానిది అనకాపల్లి. హైవే మీది పెట్రోలు బంకులో పంతొమ్మిదేళ్ళుగా పెట్రోలు కొడుతోంది. లిఖిత హైదరాబాదులో సాఫ్ట్‌వేరు. ఆఫీసులో ఎవరైనా అడిగితే "అమ్మ పెట్రోలియం రంగంలో ఉంది" అంటుంది. అబద్ధం కాదు. నిజమూ పూర్తిగా కాదు. బంకు గోడకి ఇంజన్ ఆయిల్ కంపెనీ వాళ్ళ క్యాలెండరు ఒకటి ఏళ్ళ తరబడి వేలాడేదట, హొక్కైడో లావెండర్ తోట బొమ్మతో. ఏడాది మారినా నూకరత్నం దాన్ని తీయనివ్వలేదట. ఆ తోట చూపించడానికే కూతురు తల్లిని తీసుకొచ్చింది. దాంతోపాటు ఇంకో పని కూడా పెట్టుకుని వచ్చింది. తల్లి ఫోనులో మేనేజరు వరహాలు గారికి ఒక మెసేజి రాసి పెట్టింది: ఇక డ్యూటీకి రాను, ఇన్నాళ్ళూ చూసుకున్నందుకు థాంక్స్. తిరుగు విమానం ఎక్కేలోపు దాన్ని పంపించాలి. పంపేది మాత్రం నూకరత్నమే అని ఒప్పందం.

ఆఖరి రోజు మధ్యాహ్నం తోట పక్కన కారు ఆగింది. పొగమంచు. నాకు కనపడలేదు గానీ, ఇద్దరూ నా తలుపుకి ఆనుకునే నిలబడ్డారు.

"బాగుందే. బొమ్మలో కన్నా మెత్తగుంది" అంది నూకరత్నం.

"వాసన చూడమ్మా."

ఊపిరి గట్టిగా లాగిన చప్పుడు వినపడింది. మళ్ళీ లాగిన చప్పుడు.

"వాసనేటే, ఏటీ లేదు."

"ఊరంతా గుప్పుమంటుంటే నీకు రావట్లేదా?" లిఖిత గొంతు సన్నబడింది. "అందుకే మానెయ్యమంటున్నా. పంతొమ్మిదేళ్ళు ఆ ఆవిరి పీల్చి నీ ముక్కు పోయిందమ్మా. తల పోట్లు నువ్వు చెప్పకపోయినా నాకు తెలుసు."

నూకరత్నం కారెక్కి తలుపు మెల్లగా వేసుకుంది. ఎప్పుడూ గట్టిగా వేసే మనిషి.

అద్దెకారును తిరిగి ఇచ్చేటప్పుడు ట్యాంకు నిండుగా ఉండాలన్నది ఇక్కడి రివాజు. ఆఫీసుకు రెండు వీధుల ముందు ఒక బంకు ఉంది. మనమే పట్టుకోవాలి, ఎవరూ వచ్చి కొట్టరు. లిఖితకు ఆ సంగతి తెలియదు. పంపు పక్కన ఆపి, అద్దం దించి, దర్జాగా కూర్చుంది. బంకు అన్నాక ఎవరో ఒకరు రావాలి కదా, వాళ్ళమ్మ లాంటివాళ్ళు. గాజు గదిలో ఒక ముసలాయన ఉన్నాడని వీళ్ళ మాటల్లో విన్నాను. ఆయన వీళ్ళు దిగుతారని చూస్తున్నాడు. వీళ్ళు ఆయన వస్తాడని చూస్తున్నారు. ఆయన వంగి నమస్కారం పెట్టాడు. వీళ్ళూ సీట్లలోనే వంగారు. ఇలా ఇరు పక్షాలా పదకొండు నిమిషాల మర్యాద నడిచింది.

"ఇక్కడ మనమే కొట్టుకోవాలనుకుంటానే" అంది నూకరత్నం, డోరు మీద చెయ్యి వేసి.

"నువ్వు కూర్చో. సెలవు మీద వచ్చి కూడా పెట్రోలు కొడతావా?" లిఖిత దిగింది. మీట లాగితే ముందు బానెట్ లేచింది, మూసేసింది. రెండో మీటకి నా తలుపు తెరుచుకుంది. నన్ను విప్పి వదిలేసింది. తాడుకి తలకిందులుగా వేలాడుతూ చూశాను. తెల్లటి పొగమంచు, అందులో ఎరుపు, పసుపు, పచ్చ, మూడు గొట్టాలు. నా పక్కనే, తలుపు లోపలి వైపు, ఈ కారుకు ఎర్రగొట్టం పెట్రోలే పట్టాలని చెప్పే ఎర్ర స్టిక్కరు ఉంది. దాన్ని చూడమ్మా అని నేనెంత ఊగినా ఏం లాభం, గాలికి ఊగాననుకుంటారు.

లిఖిత చెయ్యి పచ్చదాని మీదికి వెళ్ళింది. ఫోను తీసి చూసుకునే పని కూడా పెట్టుకోలేదు. బంకులో హోంవర్కు చేసుకుని పెరిగిన పిల్ల, ఇంత దానికి ఫోనెందుకు? పంపు స్క్రీను మీద పచ్చ రంగు నొక్కి, గొట్టం తీసి, ట్యాంకు దగ్గరికి తెచ్చింది. అది నా ట్యాంకులో పడితే కారు రెండో వీధి కూడా దాటదు. విమానం ఉంది. నేను చెయ్యగలిగింది లేదు.

"ఆగే."

నూకరత్నం దిగి నిలబడి ఉంది.

"అది డీజిలు."

"పచ్చది పెట్రోలే కదమ్మా. మీ బంకులో చిన్నప్పట్నుంచీ చూస్తున్నా."

"రంగు నువ్వు చూసేవు. వాసన నానెరుగుదును. ఇటియ్యి."

ఆ గొట్టం మూతి దగ్గర ఒక్కసారి గాలి పీల్చింది, తల ఊపింది. దాన్ని యథాస్థానంలో పెట్టి, నా తలుపు లోపలికి వంగి చూసింది. ఎర్ర స్టిక్కరు కనపడింది. ఎర్రగొట్టం మూతి దగ్గర మరోసారి పీల్చి, "ఇది మనదే" అంది. కూతురు చేత స్క్రీను మీద ఎరుపు నొక్కించింది.

ఇక్కడ పంపు మీద చిన్న నల్లటి రేకు ఉంటుంది. ఒంట్లో కరెంటు ఏమైనా ఉంటే పోవడానికి ముందు దాన్ని తాకాలి. పక్కనే అరచేతి బొమ్మ. నూకరత్నం బొమ్మ చూసి రేకును తాకింది, తాకిన చేతిని కళ్ళకద్దుకుంది. అనకాపల్లిలో రోజూ షిఫ్టు మొదట్లో చేసే పనే. గాజు గదిలో ముసలాయన లేచి నిలబడ్డాడు. అక్కడినుంచి ఆయన మీట నొక్కితేనే ఇక్కడ పెట్రోలు వస్తుంది. నొక్కాడు.

నూకరత్నం అలవాటుగా మీటరు వైపు చెయ్యి చూపించింది.

"జీరో చూసుకోండి మేడం."

అన్నాక గానీ ఎవరితో అన్నదో తెలియలేదు ఆమెకి. లిఖిత మీటరు చూడలేదు, తల్లి చేతిని చూసింది. బొటనవేలి దగ్గర కాయ కాసిన చెయ్యి గొట్టాన్ని ఎంత తేలిగ్గా పట్టుకుందో. ట్యాంకు నిండుతున్న చప్పుడు మారగానే, మీటరు చూడకుండానే, ఆ చెయ్యి వేగం తగ్గించింది. ఆఖరి బొట్టు కింద పడకుండా మూతిని అర చుట్టు తిప్పి తీసింది. గాజు వెనక ముసలాయన తన టోపీ అంచు తాకాడు. ఈసారి అది మర్యాద కాదు. అదే పనిలో ముసలైన మనిషి ఇంకో పనిమంతురాలిని గుర్తుపట్టడం.

తర్వాత నన్ను అందుకుంది. నా రబ్బరు ఉంగరం మీద వేలు తిప్పి దుమ్ము తుడిచింది. పుట్టినప్పటి నుంచీ అంతవరకు నన్నెవరూ తుడవలేదు. క్లిక్, క్లిక్, క్లిక్. నా చీకటి నాకు వచ్చేసింది.

నిండిన ట్యాంకు అంత మంచి చెవి కాదు గానీ, దించిన అద్దంలోంచి వచ్చిన మిగతా మాటలు చీకట్లోంచే విన్నాను. కారు కదల్లేదు.

"లావెండరు రాదు గానీ డీజిలు మాత్రం వస్తుందా నీకు?" లిఖిత ఏడుస్తోందో నవ్వుతోందో ట్యాంకుకు తెలియలేదు.

"నువ్వన్నది నిజమేనే. పోయింది సగం ముక్కు. నానేటి కాదంటున్నానా?" అంది నూకరత్నం. "కానీ అమ్మలూ, రోజుకి మూడొందల బళ్ళొస్తాయి. నూకమ్మా ఫుల్లు, అని పేరెట్టి పిలుస్తారు. ఇంటికాడ కూకుంటే నన్నెవులే పిలిచేది?"

"నేను పిలుస్తా కదా."

"నువ్వు ఆదివారం పిలుస్తావు."

వైపరు ఒకసారి అటూ ఇటూ తిరిగింది. వాన లేదు, లిఖిత చెయ్యి ఊరికే తగిలినట్టుంది.

"మాస్కు పెట్టుకుంటావా మరి? రోజూ?"

"పెట్టుకుంటాను."

"తలనొప్పొస్తే చెప్తావా?"

"చెప్తానే."

ఫోను తెరిచిన చిన్న శబ్దం. రాసి ఉన్న మెసేజిని చెరిపింది కూతురు. తల్లికి టైపు చెయ్యడం రాదు, గొంతే పంపింది: "వరాలు గారూ, నూకరత్నాన్నండి. సోమారం ఫస్టు షిఫ్టు నాకే వెయ్యండి. ఆ లావెండరు క్యాలెండరు తీసీకండేం."

అద్దె ఆఫీసులో దిగేటప్పుడు లిఖిత ఎవరితోనో ఫోనులో అంటోంది: "మా అమ్మ పెట్రోలు బంకులో పని చేస్తుంది. అవును, పెట్రోలు కొడుతుంది. పక్కనే ఉంది, మాట్లాడతావా?" ఆ తర్వాతి మాటలు నాకు వినపడకుండా డోరు మూసుకుంది.

వాళ్ళ తర్వాత ఇంకా చాలామంది చుట్టాలొచ్చారు. నా ఉంగరాన్ని మళ్ళీ ఎవరూ తుడవలేదు. మొన్న శీతాకాలం కారు ముసలిదైపోయిందన్నారు. ఇప్పుడు తుక్కు యార్డులో, మూతల డబ్బాలో ఉన్నాను. తలుపు లేదు, పైన ఆకాశమే. వెలుతురంటే ఇంతసేపు ఉంటుందని ఇక్కడికొచ్చాకే తెలిసింది. బిగించుకోవడానికి ట్యాంకు లేకపోయినా రోజు బాగానే గడిచిపోతోంది.

ఇక్కడ పొద్దున తొమ్మిదిన్నరైతే అనకాపల్లిలో ఆరు. ఆ వేళకి మంచు పైన పడుతున్నా నేను మెలకువగానే ఉంటాను. ఫస్టు షిఫ్టు మొదలై ఉంటుంది. ఒక చెయ్యి పంపును తాకి కళ్ళకద్దుకుని ఉంటుంది. మొదటి బండివాడు అద్దం దించి, "నూకమ్మా, ఫుల్లు" అని ఉంటాడు.