మూడింట ఒకటి

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా రేవు వీధి మొత్తం కునుకు తీస్తుంది. ఫెర్రీ ఒకటి కూత పెట్టి అవతలి ఒడ్డుకి బయల్దేరుతుంది, ఎక్కేవాళ్ళు పెద్దగా ఉండరు. పక్క కొట్లో చేప ఉండల సూప్ అమ్మే కిమ్-చూ కుర్చీలోనే తల వాల్చేస్తుంది. నేను మాత్రం అద్దాల బల్ల వెనక కూర్చుని, బల్ల మీద పేరుకున్న వెండి పొడిని అరచేత్తో ఒక పక్కకి తోస్తూ ఉంటాను. లాటరీ టికెట్లు గీకినప్పుడు రాలే పొడి అది. ఎంత తుడిచినా పోదు. జుట్టులో ఉంటుంది, టీ కప్పు అడుగున ఉంటుంది. ఎండ ఏటవాలుగా పడినప్పుడు గాల్లో కూడా కనబడుతుంది. అలాంటప్పుడు కొట్టూ నేనూ నీళ్ళ అడుగున ఉన్నామేమో అనిపిస్తుంది.

ఈ గీకుడు టికెట్ల కొట్టుని నాకు నా ఎడమ కాలు సంపాదించి పెట్టింది. చిన్నప్పుడు పోలియో వచ్చి అది చచ్చుపడింది. మాలాంటి వాళ్ళకి ఈ లైసెన్సు ముందుగా ఇస్తారు. అందరూ అయ్యో పాపం అంటారు గాని, రెండు కాళ్ళూ బాగుంటే ఏ చేపల ఫ్యాక్టరీలోనో పొద్దస్తమానం నిలబడి ఉండేదాన్ని. నా పేరు సుయ్-లాన్. నోటి దురుసు మనిషినని వీధిలో చెప్పుకుంటారు, అది నిజమే.

టికెట్ వెనక సన్నటి అక్షరాల్లో గెలిచే అవకాశం ఎంతో రాసి ఉంటుంది. మూడింట ఒకటి. కొనేవాళ్ళెవరూ టికెట్ తిరగేసి చూడరు. ఆ ఒక్కటిలోనూ చాలామట్టుకు వచ్చేది మనం పెట్టిన డబ్బే. నూరు యువాన్ల టికెట్‌కి నూరు యువాన్లు. దానికే ఎగిరి గంతేస్తారు. పెద్ద బహుమతి సంగతి అంటారా, లక్షల్లో ఒకటి. అది తగిలిన మనిషిని ఇన్నేళ్ళలో నేను చూడలేదు. అయినా గీకే ముందు టికెట్‌ని బల్ల కింద కూర్చున్న రాతి పులి దేవుడి నోటికి రుద్దుతారు, ఆ దేవుడు డబ్బు నోట కరుచుకొస్తాడని. పులికి నేను పొద్దున్నే ఒక పచ్చి గుడ్డు పెడతాను. ఆయన గుడ్డు తింటాడో లేదో గాని, వచ్చేపోయేవాళ్ళ చేతులు తగిలి తగిలి ఆయన మూతి మాత్రం నున్నగా అయిపోయింది.

మా వ్యాపారంలో ఒక పట్టింపు ఉంది. అమ్మే చెయ్యి గీకకూడదు. గీకితే కొట్టు అదృష్టమంతా కొట్టుదారే మింగేసినట్టని, ఇక గిరాకీ రాదని అంటారు. నేను నమ్ముతానో లేదో నాకే తెలియదు, కానీ ఒక్క టికెట్ కూడా గీకలేదు. ఇంకొకటి కూడా చేయలేదు. చూపు ఆననివాళ్ళూ చదువు రానివాళ్ళూ టికెట్ నా చేతికిచ్చి "తగిలిందా అమ్మా" అని అడుగుతారు. వాళ్ళకి ఎప్పుడూ ఉన్నది ఉన్నట్టే చెప్పాను. ఈ కొట్లో నాకున్న పరువంతా అదే.

ఇక తియమ్-హోక్ సంగతి. ఆ పేరుకి అర్థం అదృష్టం పెరగాలని. ఎవరు పెట్టారో గాని పాపం ఎదురు తిరిగింది. పది చేతుల స్క్విడ్‌ల వేటకి దూర సముద్రాలకి పోయే ఓడలో వంటవాడు. వయసు నాకంటే కాస్త ఎక్కువ, ఇల్లూ వాకిలీ లేవు, ఓడే ఇల్లు. ఒడ్డున ఉండే నెలల్లో రోజూ మధ్యాహ్నం, అందరూ నిద్రపోయే వేళకి వచ్చి, నూరు యువాన్లతో ఒక్క టికెట్ కొంటాడు. పోతే లేచి వెళ్ళిపోతాడు. తగిలితే ఆ నూరుకి ఇంకో టికెట్ తీసుకుంటాడు. మా దగ్గర అందరూ అంతే, చిన్న బహుమతి డబ్బుగా ఎవరూ పట్టుకెళ్ళరు, టికెట్‌గా మార్చేసుకుంటారు, పోయేదాకా. కాకపోతే మిగతావాళ్ళు ఆశతో మారుస్తారు. ఈయన ఇంకాసేపు కూర్చోడానికి మారుస్తాడు. అది నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకీ తెలుసు. మూడేళ్ళుగా మా ఇద్దరి మాటలూ ఆ మూడింట ఒకటి దయ మీదే నడుస్తున్నాయి.

ఈ ఏడాది కొత్త సంవత్సరం పండగ వెళ్ళిన మర్నాడు ఆయన మాట జారాడు.

"ఓనరమ్మా, ఈసారి పెద్ద బహుమతి తగిలితే మిమ్మల్ని ఒక మాట అడగాలండి."

"తగలకపోతే?"

"తగిలేదాకా ఆగాలి మరి. ఉత్త చేతుల్తో అడిగే మాట కాదు."

చెంప మీద ఒక్కటి ఇద్దామనుకున్నాను. లక్షల్లో ఒకటి తగిలాక అడుగుతాడట! అప్పటికి నేను బతికుండాలి కదా. అయినా ఆ రాత్రి అద్దం ముందు జుట్టు దువ్వుకుంటుంటే దువ్వెనలో వెండి పొడి మెరిసింది. చాలా సేపు దువ్వుకున్నాను.

ఆ తర్వాత ఓడ తారీఖు వచ్చింది. ఈసారి ఒక వేట కాగానే అట్నుంచి అటే ఇంకో వేటకి పోతుందట, ఏడాది దాటితే గాని ఒడ్డు చూడరు. దీపాలు పెట్టే వేళకల్లా అందరూ ఓడెక్కాలి. ఆ చివరి మధ్యాహ్నం వాన తుంపర పడుతోంది. రేవు మీద మంచులాంటి తెల్లటి తెర దిగింది. ఫెర్రీ ఎక్కడుందో కనబడట్లేదు, కూత మాత్రం వినిపిస్తోంది. తియమ్-హోక్ గొడుగు మడిచి గుమ్మం పక్కన పెట్టి, ఎప్పటిలాగే నూరు నోటు బల్ల మీద పెట్టాడు. ఇవాళ పోయిందంటే ఆ మాట ఏడాది పైచిలుకు సముద్రంలో తిరిగి వస్తుంది. వస్తుందో రాదో కూడా తెలియదు.

"ఏది ఇమ్మంటారు?" అన్నాను.

"మీ చేతికి ఏది వస్తే అది."

"నా చేతికి వచ్చే అదృష్టం నాకు ఉండాలి గాని మీకెందుకు?"

నవ్వాడు. పులి మూతికి టికెట్ రుద్ది, నాణెంతో మెల్లగా గీకాడు. ఆయన గీకే తీరు నాకిష్టం. ఒక్కో గడీ అంచు దాకా, ఉల్లిపొర వలిచినంత శ్రద్ధగా. ఆరు గళ్ళలో మూడింటికి ఒకే అంకె రావాలి. వచ్చింది, నూరు.

ఇంకో టికెట్ ఇచ్చాను. మళ్ళీ నూరు. ఇంకోటి. మళ్ళీ నూరు.

కిమ్-చూ ఆవలిస్తూ వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏమే సుయ్-లాన్, ఈయనకి మంత్రం ఏమైనా వేశావా?"

"మంత్రం వచ్చుంటే ముందు నీ నోరు కట్టేసేదాన్ని. పోయి సూప్ పట్రా, ఆయనకి చలేస్తోంది."

"చలి ఆయనకా, నీకా?" అనుకుంటూ వెళ్ళింది.

సూప్ వచ్చింది. ఆయన ఒక ఉండ నోట్లో వేసుకుని "పిండి ఎక్కువైంది" అన్నాడు గొంతు తగ్గించి, వంటవాడి బుద్ధి ఎక్కడికి పోతుంది. ఇంకో టికెట్, మళ్ళీ నూరు. మొదట్లో నేను మనసులో గుణించుకుంటూ వచ్చాను, మూడింట ఒకటి, అందులో మూడింట ఒకటి, అని. తర్వాత మానేశాను. ఇలా జరగకూడదు, జరుగుతోంది, అంతే. గెలవడం లేదు, ఓడిపోవడం లేదు. ఆ ఒక్క నూరే మా మధ్య అటూ ఇటూ తిరుగుతోంది. గోడ గడియారం చప్పుడు వినిపించడం ఎప్పుడో ఆగిపోయింది. వాన తుంపర కిందికి పడటం మానేసి గాల్లో వేలాడుతున్నట్టుంది. ఆయన ఓడలో వండే గంజి గురించి చెప్పాడు. రాత్రుళ్ళు స్క్విడ్‌లు పైకి రావాలని వేలాడదీసే దీపాల వెలుతురుకి సముద్రం పగల్లా తెల్లబడుతుందని, ఆ వెలుతురులో ఒక్కోసారి నా కొట్టు కనబడుతుందని చెప్పాడు.

"బోర్డు మీద అక్షరాలు కూడా కనబడతాయండి. షట్టర్ సగం దించి ఉంటుంది. లోపల మీరు ఎవర్నో తిడుతుంటారు."

"మిమ్మల్నే అయ్యుంటుంది" అన్నాను.

బల్ల మీద వెండి పొడి చిన్న గుట్ట అయింది. ఆయన వేలి కొసలు తెల్లగా మెరుస్తున్నాయి. ఈ మధ్యాహ్నం ఇలాగే ఉండిపోతే చాలనిపించింది. పెద్ద బహుమతి వద్దు, ఆ మాట అడగకపోయినా ఫర్వాలేదు, ఈ నూరు ఇలా వస్తూ పోతూ ఉంటే చాలు. జీవితంలో ఇంత తక్కువ ఎప్పుడూ కోరుకోలేదు నేను. అంత తక్కువకి కూడా భయపడ్డాను.

అప్పుడు పోయింది. గళ్ళలో ఏ అంకెకీ జత కుదరలేదు. చివరి గడి ఆయన రెండుసార్లు గీకాడు, కింద ఇంకేమైనా ఉందేమోనని. ఏమీ లేదు. ఫెర్రీ కూత పెట్టింది. గడియారం మళ్ళీ వినిపించింది.

"సరేనండి" అని లేచాడు. "వచ్చే ఏడాది..."

"కూర్చోండి" అన్నాను.

"దీపాల వేళ అయిపోతోందండి."

"కూర్చోమన్నానా!"

ఠక్కున కూర్చున్నాడు. నా చేతిసంచిలోంచి నా సొంత నూరు తీసి గల్లాలో వేశాను. కట్టలోంచి ఒక టికెట్ చింపాను. ఆయన ముఖం పాలిపోయింది. "అమ్మేవాళ్ళు గీకకూడదు కదండీ, గిరాకీ పోతుంది."

"గిరాకీ పోతే పోనీ. మీ పందెం నాకు నచ్చలేదు. లక్షల్లో ఒకటి తగిలితే అడుగుతానంటే, అడగనని చెప్పడమే అది. తిరగేద్దాం. ఇప్పుడు నేను గీకుతాను. పోయిందనుకోండి, మీరు ఆ మాట అడగాలి."

"తగిలితే?"

"తగిలితే నోరు మూసుకుని ఓడెక్కండి, మళ్ళీ నా మొహం చూడొద్దు."

లెక్క తెలిసే అన్నాను. మూడింట రెండు పోతాయి. ఇన్నేళ్ళుగా జనం మొహాలు వాడిపోతుంటే చూస్తూ కూర్చున్నదాన్ని, ఒక్కసారి ఆ పోవడం నా పక్షాన నిలబడదా అనుకున్నాను. పులికి రుద్దలేదు. నాణెం దొరక్క గోరుతోనే గీకాను. మొదటి గడి నూరు. తర్వాత వెయ్యి, ఐదు వందలు. మళ్ళీ నూరు. రెండు వేలు. ఇంకొక్కటే మిగిలింది. గోరు ఆనించి లాగాను.

నూరు.

వెధవ నూరు! మధ్యాహ్నమంతా పిలవకపోయినా వచ్చి, వద్దన్నప్పుడు కూడా వచ్చింది. ఆయన బల్ల మీదికి వంగుతున్నాడు. నా బొటనవేలు దానంతట అదే వెళ్ళి ఆ చివరి గడి మీద కూర్చుంది.

"పోయింది" అన్నాను.

ఇన్నేళ్ళలో ఆ కొట్లో నేను ఆడిన మొదటి అబద్ధం అది. చెవులు మండిపోయాయి. ఆయన నా వేలు వైపు చూశాడు. తర్వాత నా మొహం వైపు చూశాడు. మళ్ళీ వేలు. బల్లకి అవతల కూర్చుని తలకిందులుగా అంకెలు చదవడం ఆయనకి మూడేళ్ళుగా అలవాటే. నేను వేలు పెట్టకముందే చూసేశాడని ఆ కళ్ళు చూస్తే తెలిసిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఇక ఆయన అడగాల్సిందేముంది, నా జవాబు ముందే చెప్పేశాను కదా.

"పోయిందా?" అన్నాడు మెల్లగా.

"పోయిందని చెప్పానుగా!"

"పోతే అడగాలి కదూ."

"పందెం అంటే పందెమే."

ఆయన టోపీ తీశాడు. నెరిసిన జుట్టు తడిసి నుదుటికి అంటుకుంది. ఓడలో కెప్టెన్ ముందు నిలబడినట్టు లేచి నిలబడ్డాడు.

"నాకు ఇల్లు లేదు, సుయ్-లాన్. దాచింది కూడా పెద్దగా లేదు. వంట తప్ప ఏమీ రాదు. నన్ను చేసుకుంటావా?"

కళ్ళ నీళ్ళు వచ్చేశాయి, తుడుచుకుంటే చేతికున్న పొడి కళ్ళలో పడి ఇంకా మండాయి. "ఈ ముక్కకి మూడేళ్ళా?" అన్నాను. "చేసుకుంటాను. ముందు ఆ కెప్టెన్‌కి ఫోన్ చెయ్యి."

చేశాడు. ఇక ఓడెక్కనని చెప్పాడు. ఫోన్‌లోంచి కెప్టెన్ అరుపు పక్క కొట్లో కిమ్-చూకి కూడా వినిపించి ఉంటుంది.

"ఒరేయ్, ఇంకో గంటలో లంగరు ఎత్తుతుంటే ఇప్పుడా చెప్పేది! ఇంతమందికి అన్నం ఎవడు వండుతాడ్రా?"

తియమ్-హోక్ ఫోన్ చెవి నుంచి కాస్త దూరంగా పట్టుకున్నాడు. నా బొటనవేలు ఇంకా టికెట్ మీదే ఉంది. దాన్ని చూస్తూనే అన్నాడు.

"మన్నించండి అన్నా. ఇక్కడ ఒక మనిషి అబద్ధమాడింది. ఆ మనిషికి వండాలి."