పరంజ్యోతి కారుకు పంపు ఇంజను

జువ్వలదిన్నె మిషన్ ఆసుపత్రిలో నేను నర్సును, పరంజ్యోతి డ్రైవరు. నిరుడు కాన్పు కష్టమైన గురవమ్మను మా బుడ్డ కారులో కావలికి తీసుకువెళ్లాడు. ముసలి ఇంజను ఆగుతూ ఆగుతూ పోయింది. చేరేసరికి గురవమ్మ ప్రాణంతో లేదు. పక్కనున్న అత్త నిద్రపోయిందనుకుంది. గురవమ్మ దారిలో ఎక్కడ పోయిందో తనకు తెలియలేదని పరంజ్యోతి ఏడాదిగా అంటూనే ఉన్నాడు.

ఆ ఇంజను బాగుచేయడానికి సామాను దొరకలేదు. వరిచేలకు నీళ్లు తోడే పంపులు బాగుచేసే హెబ్రోను ఒక కిరసనాయిలు ఇంజను తెచ్చి కారుకు బిగించాడు. పనిమంతుడే, కాదనను. పంపు ఎదురు దిక్కుకు తిరిగితే ఇంజను బెల్టు మెలిపెట్టి వేసి సరిచేయడం అతనికి అలవాటు. అందుకే ఇంజను ఎటు తిరుగుతుందో ఏనాడూ చూసుకోలేదు. పరంజ్యోతి మొదటి గేరు వేయగానే కారు వెనక్కి పోయి ప్రహరీని గుద్దింది. రివర్సు గేరులో ముందుకు నడిచింది, ఎద్దుబండి కన్నా మెల్లగా.

"ఏంది హెబ్రోనూ ఇది?" అన్నాను.

"బెల్టుంటే మెలిపెట్టేవాణ్ణి సిస్టరమ్మా. ఊడదీసి తిప్పి బిగించాల. నాలుగు దినాలు పడతాది."

ఆ మధ్యాహ్నమే పేరమ్మను మంచం మీద మోసుకొచ్చారు. బిడ్డ అడ్డం తిరిగింది. కావలిలో ఆపరేషన్ చేయకపోతే ఇద్దరూ దక్కరు.

పరంజ్యోతి కారు వెనక భాగాన్ని కావలి వైపు తిప్పాడు. "ఎక్కించండమ్మా. ఎనక్కయితే జోరుగా పోతాది. ఇట్నే తోలతా."

నాకు ఒళ్లు మండింది. అయినా వేరే దారి లేక ఎక్కాను.

మెడ వెనక్కి తిప్పుకుని, వెనక కిటికీలోంచి రోడ్డు చూస్తూ తోలాడు. రోడ్డుకీ అతనికీ మధ్య పేరమ్మ ముఖం ఉంది. ఆమె రెప్పలు వాలినప్పుడల్లా, "పేరమ్మా, కళ్లు తెరువు," అనేవాడు. ఆమె తెరిచేది. దారిలో బోగోలు ఊరి జనం చూసి నవ్వారు. వాళ్లను తిట్టడానికి కూడా నాకు తీరిక లేదు.

తల్లీ బిడ్డా బతికారు.

హెబ్రోను ఇంజను తిప్పి బిగించాడు. "ఇంక నేరుగా ముందుకే పోతాదన్నా," అన్నాడు.

పరంజ్యోతి సీట్లో కూర్చుని ముందుకు చూశాడు. తర్వాత మెడ తిప్పి ఖాళీగా ఉన్న వెనక సీటు చూశాడు.

"లోపల ఒక అద్దం బిగించు హెబ్రోనూ. రోడ్డు కనపడకపోయినా ఫరవాలేదు, ఆ సీటు కనపడాల," అన్నాడు.

నేను గదిలోకి వెళ్లి, రోజూ తల దువ్వుకునే అద్దం గోడ నుంచి తీసి తెచ్చాను.