తేలికపాటి స్టాండు

మా మరిది సర్దార్ ఆ స్టాండుని చూపుడు వేలితో తోశాడు. మూడు కాళ్ళ అల్యూమినియం స్టాండు, పైనున్న మా కెమెరాతో సహా ఊగింది.

"చూశావా భాభీ? గాలొస్తే ఇది శావల్యాపురం దాకా ఎగిరిపోద్ది. మన చెక్క స్టాండుకేం రోగం?"

రోగమేమీ లేదు. దాన్ని నేను ఎత్తలేను, అంతే. మా ఆయన జబ్బార్‌కి చూపు మందగించాక స్టూడియోలో ఫోటోలు తీసేది నేనే. బయటి ఊళ్ళకు మాత్రం స్టాండు మోయడానికి సర్దార్ రావాలి. మాకు ఫ్లాష్ లేదు. చీకటి ఇళ్ళలో స్టాండు లేకుండా తీస్తే బొమ్మ చెదిరిపోతుంది. అతను వస్తేనే పని, రాకపోతే లేదు.

పోయిన నెల శావల్యాపురంలో ధనమ్మ చనిపోయింది. బతికుండగా దిగిన ఫోటో ఒక్కటీ లేదు, శవాన్ని లేపేలోగా రమ్మని మనిషిని పంపారు. ఆ రోజు సర్దార్ గారికి తీరిక లేదు. ధనమ్మ ముఖం కాట్లో కలిసిపోయింది. ఆ ఉసురు నాకే తగులుతుందని ఇప్పటికీ భయం.

ఇప్పుడు ఆమె చెల్లెలు కోటమ్మ మంచం పట్టింది. "నన్నన్నా తియ్యమ్మా, ఊపిరుండగానే" అని కబురు పెట్టింది. రేపు పోదామంటే సర్దార్ మళ్ళీ కుదరదన్నాడు. అందుకే నరసరావుపేట బజారులో ఈ కెమెరా సామాన్ల కొట్టుకు వచ్చాను. పిలవకుండానే అతనూ వెనకే వచ్చాడు.

కొట్టు యజమాని వెంకట్రామయ్య నా వైపు చూడటమే లేదు. "ఏమంటావు సర్దారూ, ఇమ్మంటావా?" అని అతన్నే అడిగాడు. నాకు ఒళ్ళు మండింది.

"కొనేది నేను. నన్నడుగు బాబాయ్."

సర్దార్ చేసిన మోసం నాకు కనిపిస్తూనే ఉంది. కాళ్ళన్నీ బారుగా లాగి, నడిమి కడ్డీని కూడా పై దాకా ఎత్తి, అప్పుడు తోశాడు. అలా నిలబెడితే ఏదైనా ఊగుతుంది. నేను కడ్డీని దించి మరలు బిగించాను. ఆ కడ్డీ అడుగున చిన్న కొక్కెం ఉంది. మెట్టు పక్కన పడున్న నాపరాయి ముక్కని నా గుడ్డసంచిలో వేసి దానికి తగిలించాను.

"ఇప్పుడు తొయ్యి."

తోశాడు. మళ్ళీ తోశాడు. స్టాండు కదల్లేదు.

"ఊరూరికీ రాళ్ళు కూడా మోస్తావా?"

"పల్నాడులో రాళ్ళకి కరువా? యాడికి పోతే ఆడే ఉంటయ్."

దాంతో అసలు మాట బయటికొచ్చింది. "ఆడది ఒక్కతే బస్సెక్కి ఊళ్ళంట తిరిగితే మా పరువేం గావాల?"

"ధనమ్మని ఫోటో లేకుండా కాటికి పంపించావే, ఆ రోజు యాడుంది నీ పరువు?"

సర్దార్ విసవిసా వెళ్ళిపోయాడు. వెంకట్రామయ్య స్టాండుని కాగితంలో చుట్టి నా చేతికే ఇచ్చాడు.

మర్నాడు కోటమ్మ మంచం ముందు స్టాండు నిలబెట్టి, వాళ్ళ వాకిట్లో దొరికిన రాయిని సంచిలో వేసి తగిలించాను. ఆమె గుమ్మం వైపు చూసింది.

"మీ మరిది రాలా?"

"రాలేదు పిన్నీ. ఆయన పని ఈ రాయి చేస్తంది."

కోటమ్మ బోసినోరంతా తెరిచి నవ్వింది. "నవ్వమాక పిన్నీ, బొమ్మ చెదిరిపోద్ది" అన్నాను. ఎంతకీ ఆపదే! చివరికి తనే ఆగి, ఆ సంచి వైపు చూసింది.

"మా అక్కకీ ఇట్టాంటి రాయి ఒకటి దొరికుంటే బాగుండేది" అంది.

ఇంక ఆమె ముఖం కదల్లేదు. అప్పుడు నొక్కాను.