వెనక సీటు

అత్తగారి దుప్పట్లు ఉతికి ఆరేసి, ఆ తడి చేతులు పాత బనియన్ ముక్కకి తుడుచుకుని, బండి చెయిన్ ముందు గొంతుక్కూర్చుంది ఆమె. బనియన్ ముక్క మొగుడిది. చిల్లులు పడ్డా పారేయనివ్వడు గానీ, ఎవరైనా ఇంటికొస్తే మాత్రం "నా బట్టలన్నీ మా ఆవిడ బండికే సరిపోతున్నాయండీ" అని నవ్విస్తాడు. నవ్విస్తే నవ్వించాడు. పాత గ్రీజు మట్టితో కలిసి గట్టిపడి లింకు లింకుకీ పట్టేసింది. కిరసనాయిల్లో తడిపి తోముతుంటే అడుగున ఉన్న అసలు ఇనుము రంగు మెల్లగా బయటపడుతోంది. ఇంట్లో ఆమె పొద్దున్నుంచీ తోమేవన్నీ సాయంత్రానికల్లా మళ్ళీ మురికై ఆమె ముందుకే వచ్చి కూర్చుంటాయి. ఇది ఒక్కటే తోమినకొద్దీ ఆమెదవుతున్నట్టు ఉంటుంది.

అది రాళ్ళమీదా దుమ్ములోనూ కొండదారుల్లోనూ తిరగడానికి చేసిన పొడుగుకాళ్ళ మోటార్‌సైకిల్. సెకండ్‌హ్యాండ్‌ది. పెద్ద ట్యాంకు, ఊచల చక్రాలు, ఛాతీ ఎత్తున హ్యాండిలు. అత్తగారు దానికి ఏనుగు అని పేరు పెట్టింది. కళ్ళజోళ్ళ షాపులో ఏళ్ళతరబడి ఊరందరి ముక్కులమీదా ఫ్రేములు సరిచేసి దాచుకున్న డబ్బుతో ఆమె ఆ ఏనుగుని కొనుక్కుంది. కొనేరోజున తోడుకని మొగుణ్ణి తీసుకెళ్ళడమే పొరపాటైపోయింది. అమ్మే పెద్దమనిషి తాళంచెవి తిన్నగా అతని చేతిలో పెట్టాడు. అతనికి ఆఫీసుకి వెళ్ళే స్కూటరు మొరాయిస్తే ఎవరికో ఒకరికి ఫోను చెయ్యాల్సిందే, కానీ ఆ రోజు చేతులు వెనక్కి కట్టుకుని బండి చుట్టూ తిరిగి "పికప్ ఎలా ఉంటుందండీ?" అని అడిగాడు. చెయిన్ ఎప్పుడు మార్చారు, ఎప్పుడైనా గట్టిగా పడిందా, ముందు ఫోర్కులో ఆయిలు కారుతోందేమిటి అని అడిగింది ఆమె. పెద్దమనిషి ఆమె ప్రశ్నలన్నీ విని, జవాబులన్నీ అతనికి చెప్పాడు. చివరికి బయల్దేరేటప్పుడు మాత్రం ఏమనుకున్నాడో ఆమె వైపు తిరిగి, "నిలబడున్నప్పుడే దీని బరువమ్మా, కదిలాక తెలీదు" అన్నాడు. ఆ ఒక్క ముక్కకే ఆమె ఆయన్ని క్షమించేసింది.

కొత్త బండైతే పుస్తకం చదువుకుంటే సరిపోయేది. పాతబండికి పాత అలవాట్లుంటాయి. పొద్దున్నే చలికి మారాం చేస్తుంది, కాస్త బుజ్జగించాలి. పెట్రోలు ముల్లు పచ్చి అబద్ధాలకోరు, సగం ఉందని చూపిస్తూనే నడిరోడ్డు మీద ఆగిపోతుంది. హ్యాండిలు వదిలితే ఎడమకి లాగుతుంది. పట్టుకునే రబ్బర్లు పాత యజమాని వేళ్ళకి తగ్గట్టు అరిగిపోయి ఉన్నాయి, ఆ గుంటల్లో తన వేళ్ళు ఇమడక మొదట్లో అరచేతులు బొబ్బలెక్కాయి. రబ్బర్లు మార్పించింది. మెత్తటి నేలలో స్టాండు దిగబడిపోతుందని ఒక చెక్కముక్క జేబులో పెట్టుకోవడం నేర్చుకుంది. అన్నిటికంటే పెద్ద తంటా ఎత్తు. మొదటిరోజు కూర్చుంటే బొటనవేళ్ళు నేలని వెతుక్కున్నాయి. మెకానిక్ చూసి, "దీనికేముంది మేడం" అని సీటు ఊడదీసి, దానికింద ఉన్న బిళ్ళల్ని పై గాడిలోంచి కింద గాడిలోకి మార్చేశాడు. "మనిషిని బట్టి మార్చుకునేందుకే పెట్టాడు" అన్నాడు. ఆమెకి నవ్వొచ్చింది. షాపులో రోజూ తను చేసే పనీ అదే. జోడు జారిపోతోందని వచ్చినవాళ్ళకి ఫ్రేము వంచి ఇస్తుందే గానీ, మీ ముక్కు సరిగా లేదని ఎవర్నీ పంపెయ్యదు. అయినా వచ్చిన ప్రతి రెండోవాడూ ఆమె భుజం మీదుగా లోపలికి తొంగిచూసి "సార్ లేరా?" అంటాడు, అది వేరే సంగతి.

సీటు దిగాక రెండు పాదాలూ నేలకి ఆనాయి. అప్పుడు మొట్టమొదటిసారి ఆమె గట్టిగా అనుకుంది, వెళ్ళొచ్చు అని. కొండలు దాటి, అవతల సముద్రం దాకా. ఒక్కతే. సముద్రంలో ఏముంది అని అడిగితే ఆమె దగ్గర జవాబు లేదు. ఒక పది రోజులు తన ఆకలికి తను తిని, తన నిద్రకి తను లేచి, ఎవరి మందుల వేళా తలలో గంట కొట్టకుండా ఉంటే తను ఎలా ఉంటుందో చూసుకోవాలని ఉంది. అంతే. పెళ్ళికి ముందున్న ఆ మనిషి ఎలా ఉండేదో గుర్తుపట్టలేనంత దూరమైపోయింది.

చెప్పినప్పుడు మొగుడు కాదనలేదు. కాదనే రకం కాదతను. "నేనేం ఆపను. నీకు పూర్తి స్వేచ్ఛ ఇచ్చాను, నలుగురికీ తెలుసు. కానీ, అమ్మ సంగతేంటి?" అన్నాడు. అమ్మ సంగతేంటి అని అతను ఆమెని అడిగాడు! పక్షవాతం వచ్చి ఒక పక్క చచ్చుపడిన దగ్గర్నుంచీ అత్తగారిని లేపడం, కూర్చోబెట్టడం, తుడవడం, తినిపించడం అంతా ఆమె పనే. ఎవరూ అప్పజెప్పలేదు, ఎవరూ చేస్తానని రాకపోవడంతో ఆమె మీద పడింది. ఆడపడుచుకి ఫోను చేస్తే "పిల్లల పరీక్షలు వదినా, నా పరిస్థితి నీకు తెలీనిదేముంది" అంది. పరీక్షలయ్యాక అడిగితే సెలవులంది. సెలవులయ్యాక మళ్ళీ చదువులంది. ప్రయాణం వాయిదా పడుతూ పోయింది. బండి వసారాలో, అత్తగారి కిటికీ ముందు, తలొంచుకుని నిలబడింది.

తీరా మొన్నీమధ్య అతను ఆఫీసునుంచి ఉత్సాహంగా వచ్చాడు. "లీవు పెట్టేశా! ఇద్దరం పోదాం. చెల్లికి ఫోన్ చేశా, ఆదివారం వచ్చేస్తానంది."

"మరి పిల్లల చదువులు?" అంది ఆమె.

"ఏదో సర్దుకుంటుందిలే."

ఆమె అడిగితే కదలని కొండ అతని ఒక్క ఫోనుకి కదిలొచ్చిందన్నమాట. ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగేసింది. ఎలాగో ఒకలా ప్రయాణమైతే ఖాయమైంది కదా అనుకుంది. "బండి మాత్రం నేను నడుపుతా" అంది. "అంత పెద్దబండి, ఘాట్ రోడ్డు, వెనక నేను! బావుండదోయ్. నువ్వు హాయిగా కూర్చుని ప్రకృతి చూసుకో" అన్నాడు. ఆమె ఊరుకోలేదు, కొన్నది నేను, నేర్చుకున్నది నేను, నేనే నడుపుతా అంది. అతను ఆవులించి "చూద్దాంలే" అన్నాడు. ఆ ఇంట్లో చూద్దాంలే అంటే ఏమిటో ఆమెకి బాగా తెలుసు. అందుకే ఈ వారమంతా బండి ఎక్కినప్పుడల్లా ఆమె గుండె చిక్కబట్టుకునే ఎక్కుతోంది. ఒక్క తప్పు చేస్తే చాలు, తాళంచెవి మళ్ళీ అతని చేతిలోకి పోతుంది.

చెయిన్‌కి ఆయిలు పూసి లేచింది. ఇంకో వారంలో ప్రయాణం. అత్తగారి మందులు అయిపోయాయి, పనిలోపనిగా తెచ్చేస్తే సరి అని హెల్మెట్ పెట్టుకుంది. అతను పేపరు పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. మేడమీది మేష్టారు మొక్కలకి నీళ్ళు పోస్తున్నారు. బండి ఎడం పక్కకి స్టాండుమీద ఒరిగి ఉంది, ఎప్పటిలాగే ఎక్కి కూర్చుని, నిటారుగా లేపి, స్టాండు తీసేసి, కుడికాలు కిందికి చాపింది. నేల లేదు. ఉండాల్సిన చోట నేల లేదు. వేళ్ళు గాల్లో తడుముకున్నాయి, బండి అటు మొగ్గింది, ఇంక ఆపడం ఎవరి తరం? ఇంజనుకి రెండు పక్కలా ఉన్న ఇనప కడ్డీల పుణ్యమా అని కాలు నలగలేదు. అద్దం పగిలింది. మోచెయ్యి చెక్కుకుపోయింది.

"చెప్పానా!" అన్నాడు అతను. పరుగెత్తుకొచ్చాడు, అది నిజమే. మేష్టారు కూడా దిగొచ్చారు. "లేవకమ్మా, మేం చూసుకుంటాం" అన్నారు. మగాళ్ళిద్దరూ రొప్పుతూ బండిని నిలబెట్టారు. "ఆడవాళ్ళకి ఇంత ఎత్తు బండి కష్టమేనండీ" అన్నారు మేష్టారు, పాపం ఆయన మంచిగానే. "అదే నేనూ చెబుతూ వచ్చాను. ఉత్సాహం ఉంటుంది, కాదనలేం కదా" అన్నాడు అతను. ఆమె హెల్మెట్ తియ్యలేదు, కళ్ళల్లో నీళ్ళు కనబడతాయని.

మోచేతికి పసుపురంగు మందు రాసుకుంటూ ఆలోచించింది. ఇన్ని నెలలు నడిపిన బండి, ఇంటిముందు, నిలబడి ఉండగా పడేసింది. రేపు కొండమలుపులో, వెనక మనిషి ఉండగా ఇలాగే అయితే? నిజంగానే తనకి చేతకాదేమో. ఇన్నాళ్ళూ పడకుండా ఉండటమే అదృష్టమేమో, అతను అంటున్నది నిజమేమో. అన్నం వడ్డిస్తూ, తలెత్తకుండానే అనేసింది. "మీరే నడపండి. నేను వెనక కూర్చుంటా." అతను ఆమె భుజం తట్టి "అదీ తెలివంటే" అన్నాడు. ఆ తట్టిన చోట చాలాసేపు బరువుగా ఉండిపోయింది.

మధ్యాహ్నం అత్తగారికి పక్క మారుస్తుంటే ఆవిడ మొదలుపెట్టింది. "ఏనుగు పడేసిందటగా?"

"ఆ, పడేసింది అత్తయ్యా."

"పడెయ్యక? ఆడదానికి ఆ ఎక్కడమేంటి, ఆ దూకడమేంటి! అయినా నీ సంగతలా ఉంచు, వాడికేం పుట్టిందే? నిన్న నువ్వు షాపుకి పోయావా, నాకు కాస్త కునుకు పట్టిందో లేదో, కిటికీ బయట టంగుటంగుమని ఒకటే మోత. ఆ సీటు పీకడం, కిందేదో మార్చడం, మళ్ళీ బిగించడం. ఇంత ఎత్తున ఎక్కి కూర్చుని అద్దంలో క్రాపు కూడా దువ్వుకున్నాడు. పెళ్ళికొడుకనుకున్నాడో ఏమో!"

దుప్పటి అంచు పట్టుకున్న ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

సీటు ఎత్తేశారు. అంతే జరిగింది. ఎవరో తనకి చెప్పకుండా సీటు ఎత్తేస్తే, తను నేలని తిట్టలేదు, సీటుని అనుమానించలేదు, వంగి ఒక్కసారి చూడను కూడా చూడలేదు. తన కాళ్ళే పొట్టివైపోయాయని నమ్మింది! ఒక్క పూటలో నమ్మేసింది. ఎంత సులువుగా, ఎంత అలవాటుగా! ఇన్నేళ్ళలో ఇంకెన్నిసార్లు ఇలా జరిగిందో! కూర బాలేదన్నప్పుడు, ప్రమోషన్ నీకెందుకులే అన్నప్పుడు, నీకు కోపం ఎక్కువైపోతోంది అన్నప్పుడు. ప్రతిసారీ తననే తను వెతుక్కుంది, తప్పు ఎక్కడుందోనని. అత్తగారు ఇంకా కొడుకు క్రాపు గురించే చెబుతోంది. ఆమె దుప్పటి సరిచేసి, నీళ్ళు తాగించి, స్పానర్ల సంచీ తీసుకుని వసారాలోకి వచ్చింది.

సీటు ఊడదీసింది. బిళ్ళలు పై గాడిలో ఉన్నాయి. వాటిని కిందికి దించి బిగించింది. కూర్చుని చూసింది, రెండు పాదాలూ చక్కగా నేలకి ఆనాయి. ఏడుపొచ్చింది, ఈసారి దాచుకోలేదు. తర్వాత మొహం తుడుచుకుని దిగి, వెనక సీటు బోల్టులు విప్పడం మొదలుపెట్టింది. బండితోపాటు వచ్చిన సామాను పెట్టుకునే ఇనప పలక ఒకటి స్టోర్‌రూములో పడి ఉంది. దుమ్ము దులిపి, వెనక సీటు ఉన్నచోట పెట్టి చూసింది. సరిగ్గా సరిపోయింది.

అతను టీ కప్పుతో బయటికొచ్చాడు. "అదేంటి, సీటు దించేశావ్? నా మోకాళ్ళు గడ్డానికి తగుల్తాయి కదోయ్."

"నిన్న మీరు ఎత్తారటగా."

"అమ్మ చెప్పేసిందా? ఎలాగూ నడిపేది నేనే కదా అని. సర్‌ప్రైజ్ చేద్దామనుకున్నా."

"పొద్దున నేను పడ్డప్పుడు గుర్తు రాలేదా?"

అతను టీలోకి చూశాడు.

"వచ్చింది," అన్నాడు. "అప్పుడు చెబితే అనవసరంగా గొడవవుతుందని... అయినా నీకేం పెద్ద దెబ్బలు తగల్లేదుగా."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. అరవాలనుకుంది, నేలమీద పడున్న నన్ను చూస్తూ, కారణం తెలిసీ, మేష్టారి ముందు చెప్పానా అన్నారే అని. అరిచి ఉంటే అతనన్న ఆ గొడవే అయ్యేది, మళ్ళీ నీకు కోపం ఎక్కువ అనే మాట దగ్గరికే వచ్చి ఆగేది. ఆమె ఇంకో బోల్టు తీసుకుంది.

"మీ చెల్లెలికి ఫోన్ చెయ్యండి," అంది. "రానక్కర్లేదని చెప్పండి. పిల్లల చదువులు చూసుకోమనండి."

"అంటే? ప్రయాణం మానేస్తున్నామా?"

"నేను వెళ్తున్నా."

అతనప్పుడు చూశాడు, వెనక సీటు గోడకి ఆనించి ఉండటం, దాని స్థానంలో ఇనప పలక ఉండటం. "మరి నేనెక్కడ కూర్చోవాలి?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, నిజంగానే అర్థం కాలేదతనికి.

లోపల్నుంచి అత్తగారు పిలిచింది. "అమ్మాయ్! నడుం పట్టేసిందే, కాస్త లేపి కూర్చోబెట్టమ్మా!"

అతను అలవాటుగా భార్య వైపు చూశాడు.

ఆమె బోల్టు బిగిస్తూనే కిటికీ వైపు గొంతు పెంచి చెప్పింది. "అత్తయ్యా! మీ అబ్బాయి వస్తున్నారు."