పాలు విరిచిన కాఫీ

నేను ఒక కాఫీపొడి పొట్లాన్ని. నన్ను కట్టిన చిలకమ్మకు ఈ లోకంలో అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. తన కూతురు ఊర్మిళ చదువు కూడా తన చదువులాగే చుట్టాల ఇంట్లో అంట్లు తోముతూ ఆగిపోతుందేమోనని. కొండచరియలు విరిగిపడే వానకు భయపడని మనిషి, పాము కనబడితే పక్కకు తప్పుకుని తన పని తాను చూసుకునే మనిషి, ఈ ఒక్క సంగతి తలుచుకుంటే చాలు, కాఫీపళ్లు ఏరుతున్న చేతులు ఆపేసేది. ఆరో తరగతి చదువుకని పినతల్లి ఇంటికి వెళ్లి, పుస్తకాల సంచీ మేకుకు వేలాడుతుండగానే ఆ ఇంటి పనిమనిషై తిరిగొచ్చింది కదా, ఆ భయానికి కారణం ఎవరూ చెప్పనక్కర్లేదు.

నేను పుట్టింది అరకు దగ్గర ఒక కొండవాలు మీద. తోట అనడమే గాని, ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివర పలుకుతారు. చిలకమ్మ బాగా ఎర్రబడ్డ పళ్లే ఏరింది. పక్కవాళ్ల పళ్లతో కలపనివ్వలేదు. రైతుల సంఘం షెడ్డులో గింజలు వేపే రోజున దగ్గరుండి లేతగా దింపించింది. అలా వేపితే ఆ నేల రుచి, ఆ పండు పులుపు నిలుస్తాయని, నల్లగా మాడిస్తే ఏ కొండ గింజైనా ఒకటేనని కొనడానికి వచ్చే పట్నంవాళ్లు చెప్పారట. ఎక్కడ పుట్టిందో చెప్పుకుంటే విలువ పెరుగుతుందన్న మాట ఆమెకు కొత్త. మనుషుల విషయంలో ఎప్పుడూ వినలేదు మరి. నా మీద 'చిలకమ్మ తోట' అని అచ్చువేసిన కాగితం అంటిస్తే, అక్షరాల మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదువుకుంది.

ఊళ్లో బడి అయిదో తరగతితో సరి. హాస్టల్లో వేద్దామంటే ఊర్మిళకు ఉబ్బసం. గోపాలపట్నంలో కాపురముండే ఆడపడుచు వరహాలమ్మ "నా కాడ ఉంచండి, నా పిల్లల్తోపాటే సూసుకుంతాను" అని కబురు పెట్టింది. చిలకమ్మ మొగుడు వెంటనే సరేనన్నాడు. చిలకమ్మ కూడా తలూపింది గాని, నమ్మకం చాలక నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. పిల్లను అప్పగించే చోటికి ఒట్టి చేతులతో వెళ్లకూడదట. నన్ను చూసి ఆ ఇంట్లో తన పిల్లతో కాస్త మెత్తగా మాట్లాడతారని ఆశ. పావుకిలో పొట్లం మీద అంత బరువు పెట్టడం మనుషులకే చేతనవుతుంది.

వరహాలమ్మ నా మూతి విప్పి వాసన చూసింది. మొహం చిట్లించింది.

"ఏటే చిలకా, రంగేటి ఇలగున్నాది? గింజ సరిగా ఏగనేదు."

"అలగే ఏపాల వదినా. పాలెయ్యకు. వేణ్ణీళ్లు పోసి వడగట్టుకోవాల. కొంచిం పుల్లగుంతాది. అదే దాని రుసి."

"పుల్లగుంటే కాఫీ ఎలగవుతాదే, చారవుతాది గాని! పోపు కూడా పెట్టమంటావేటి?"

ఇంట్లోవాళ్లంతా నవ్వారు. చిలకమ్మా నవ్వింది. బిడ్డను వదిలి వెళ్లాల్సిన ఇంట్లో నవ్వక తప్పుతుందా? వెళ్లేముందు గుమ్మంలో ఆగి, "పనేదైనా ఉంటే బడి నుంచొచ్చినాక సెప్పు వదినా, సేస్తాది. బడి మాత్రం మానిపించకు" అంది.

"ఓసోస్, నానేటి రాచ్చసినా?" అంది వరహాలమ్మ.

నన్ను అటక మీద పెట్టింది. అక్కడే ఉండిపోయినా బాగుండేది. ఆమె మొగుడు పనిచేసే గోదాము మేనేజరు కొత్త ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశానికి ఏదైనా ఘనంగా తీసుకెళ్లాలి. వరహాలమ్మకు నేను గుర్తొచ్చాను. 'చిలకమ్మ తోట' అన్న కాగితం మీద తళతళలాడే బంగారురంగు కాగితం అంటించింది. కొండమీద చుట్టాలున్నారని ఆ ఇంట్లో తెలియడం ఆమెకు ఇష్టం లేదు. తను దిగి వచ్చిందీ ఆ కొండేనని ఎప్పుడో మరిచిపోయింది.

"అరకు కాఫీ అండి. పెద్ద షాపులో తీసుకున్నామండి" అని మేనేజరు భార్య సులోచన చేతిలో నన్ను పెట్టింది. నేను పొట్లాన్ని కాబట్టి నోరు మూసుకున్నాను.

ఆ ఇంట్లో తెల్లారకట్లే పాలు పొంగించారు. ఇల్లు కళకళలాడిపోతోంది. మిగిలిన పాలు పొద్దుటి నుంచి అదే పొయ్యి మీద కాగుతూ, చల్లారుతూ, మళ్లీ కాగుతూ ఉన్నాయి. వచ్చినవాళ్లకు కాఫీ ఇద్దామని సులోచన నా పొడితో చిక్కటి డికాక్షన్ తీసి ఆ పాలలో కలిపింది. అలిసిపోయిన పాలు, పులుపున్న నేను. గిన్నెలో ముక్కలు తేలాయి.

పాలు పొంగించిన పొయ్యి మీదే పాలు విరిగాయి.

పెద్దావిడ ఒకామె చెంపలు వేసుకుంది. సులోచన మొహం పాలిపోయింది. "ఇదేంటమ్మా వరహాలూ, శుభమా అని ఇంట్లో దిగుతుంటే? పెద్ద షాపులో కొన్నానన్నావుగా?"

"కొన్నది కాదండి. మా తమ్ముడి పెళ్లాం అంటగట్టిందండి. కొండమీదోళ్లండి, ఆళ్లకేటి తెలుసండి!"

అంతవరకూ షాపు సరుకునైన నేను ఒక్క క్షణంలో కొండమనిషినైపోయాను. నన్ను తిరిగి వరహాలమ్మ సంచిలో పడేశారు.

ఇంటికొచ్చేసరికి ఊర్మిళ లెక్కలు చేసుకుంటోంది. ఆ పిల్ల చేసిన తప్పల్లా ఎదురుగా ఉండటమే.

"మీయమ్మ నిర్వాకానికి నా మొగుడు ఆ మేనేజరు మొకం ఎలగ సూస్తాడే? తోట్లో కాసిందని ఏది పడితే అది మోసుకొచ్చీడమేనా? నెగు, ఆ గిన్నెలు సూడు ముందు!"

మర్నాడు పొద్దున్న తలనొప్పి అని పడుకుని, "ఈ పూటకి బడి మాన్రా తల్లీ, పని కానేదు" అంది. ఆ మాట మెత్తగానే అంది. తర్వాతి రోజు అనలేదు, అనాల్సిన అవసరమూ రాలేదు. బడికి వెళ్లే ఆటో వచ్చి హారన్ కొడితే, ఆ ఇంటి పిల్లలే ఎక్కి వెళ్లిపోయారు.

నా మూతి విప్పి బాత్రూము మూల పెట్టారు. కాఫీపొడి కంపు పీల్చుకుంటుందని ఎవరో చెప్పారట. నేల రుచి నిలవాలని లేతగా వేపించిన నాకు చివరికి దక్కిన కొలువు ఇది. దాని గురించి నాకు ఏడుపు లేదు. తలుపు సందులోంచి గిన్నెలు తోమే చప్టా కనిపిస్తుంది, అదే నా ఏడుపు. ఆ పిల్ల పొద్దస్తమానం ఆ తడిలోనే కూర్చుంటుంది. సబ్బు నీళ్ల మీదికి వంగినప్పుడల్లా గుండెల్లో పిల్లికూతలు వినబడుతున్నాయి. ఆ ఇంట్లో ఆ చప్పుడు వినేది నేనొక్కదాన్నే.

మొన్న చిలకమ్మ ఫోను చేసింది. వరహాలమ్మ స్పీకరు పెట్టి పిల్ల పక్కనే కూర్చుంది.

"బడికెళ్తన్నావా అమ్మా?"

"ఎళ్తన్నానమ్మా."

"ఆయాసం వస్తందా?"

"నేదమ్మా."

"అత్తకి మన కాఫీ నచ్చినాదా?"

ఊర్మిళ తలెత్తి అత్త మొహం చూసింది. తర్వాత నెమ్మదిగా, "నచ్చినాదమ్మా" అంది.

అవతల చిలకమ్మ గుండెల నిండా ఊపిరి తీసుకున్న చప్పుడు నాదాకా వచ్చింది. ఈసారి ఇంకా ఎక్కువ పంపుతానంది.

ఇది చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. అటువైపు వెళ్తే, గోపాలపట్నంలో రైలు గేటు వెనక సందులోకి ఒకసారి వెళ్లండి. మేడమెట్ల కింద నీలం తలుపు. బడి జరిగే వేళకే వెళ్లండి. తలుపు తీసింది పెద్దామె అయితే, మంచినీళ్లు అడగండి. తెచ్చేది ఆ పిల్లే. గ్లాసు అందుకునేటప్పుడు చేతులు చూడండి, ఊపిరి వినండి. బాగున్నావా అని మాత్రం అడగకండి, బాగున్నానంటుంది. ఇప్పుడు ఏ పాఠం చెబుతున్నారమ్మా అని అడగండి.