సరే అనే తమ్ముడు

"నొప్పి తగ్గిందా?" అని డాక్టరమ్మ అడిగింది.

"సరే," అన్నాడు చిన్నోడు నవ్వుతూ.

"తగ్గిందంటున్నాడుగా. ఇంటికి తీసుకెళ్లండి."

అక్క అక్కడి నుంచి కదల్లేదు. ముప్ఫై నాలుగేళ్లొచ్చినా బుద్ధి ఎదగలేదని అందరూ చిన్నోడనే పిలిచే ఆ తమ్ముడు రెండు రోజులుగా ముద్ద ముట్టలేదు. ఇంటికి తీసుకెళ్తే ఏమైపోతాడో!

ఆ 'సరే' నేర్పింది ఎవరో కాదు, తనే. ఎదురు మాట్లాడి బళ్లో తన్నులు తిని వచ్చినప్పుడల్లా, ఎవరేమడిగినా సరే అనరా, ఎవరూ కొట్టరు అని నూరిపోసింది. వాడు బుద్ధిగా నేర్చుకున్నాడు. ఇప్పుడది వాడి ప్రాణం మీదికే వచ్చింది.

"మేడమ్, అదే ప్రశ్న తిరగేసి అడిగి చూడండి."

"నొప్పి ఎక్కువైందా?"

"సరే."

డాక్టరమ్మ ముఖం మారింది. "మరి తెలిసేదెలా?"

అక్కది కుట్టుపని. షాపులో గుండీలు ఏరి, సైజుల వారీగా సర్దేది చిన్నోడే. వాడి కాలక్షేపానికని సంచిలో తెచ్చిన గుండీల డబ్బా తీసి మంచం మీద కుమ్మరించింది.

"కొంచెం నొప్పైతే చిన్నది, చాలా నొప్పైతే పెద్దది. ఎక్కడుందో అక్కడ పెట్టు నాన్నా."

చిన్నోడు నవ్వు మానేశాడు. వెతికి వెతికి అన్నిటికన్నా పెద్దదైన కోటు గుండీ తీసి, పొట్టకు కుడివైపు కింద పెట్టుకున్నాడు. డాక్టరమ్మ అక్కడ నొక్కగానే వాడికి ఊపిరి ఆగినంత పనైంది.

పరీక్షలన్నీ హడావిడిగా అయ్యాయి. "అపెండిక్స్. పగలడానికి సిద్ధంగా ఉంది. వెంటనే ఆపరేషన్ చెయ్యాలి, సంతకం పెట్టండి," అంటూ డాక్టరమ్మ కాగితాలు అక్క చేతికిచ్చింది.

అక్క కలం పక్కన పెట్టింది. "ముందు వాడికి చెప్పండి మేడమ్. పొట్ట వాడిది."

డాక్టరమ్మ స్టూలు లాక్కుని వాడి ఎదురుగా కూర్చుంది. ఎక్కడ కోస్తారో, ఎలా కుడతారో వేలితో చూపిస్తూ చెప్పింది. కుట్టడమంటే వాడికి తెలుసు. "భయం ఎంతుంది?" అని అడిగింది.

వాడు ఆ కోటు గుండీనే దుప్పటి మీద పెట్టాడు. తర్వాత మిగతావన్నీ అక్కవైపు తోశాడు.

"అక్కా, నీకెంత?"

ఏం లేదురా అనబోయి ఆగింది. అంత పెద్దది ఆ డబ్బాలో ఒక్కటే ఉంది. దాని మీదే ఆమె కూడా వేలు పెట్టింది.